వదిన గొంతులో రబ్బరు గొట్టం

మా అన్న గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది చాలా తక్కువ. వచ్చినా వరండా దాటి లోపలికి వచ్చేవాడు కాదు. మందుల వాసన పడదనేవాడు గానీ అసలు సంగతి భయం. ఆ రోజు కూడా ఆపరేషన్ గది బయట స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా ఎవరినీ పలకరించలేదు.

"మీ వదినకి నోట్లో పుండు లేచిందమ్మా. మానేదే లేదు" అన్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పంట కోతలప్పుడే ఉండాది. చెప్పొద్దని అదే అనింది. పుండుకి పోయి ఎవరన్నా ఆస్పత్రికి పోతారా అనింది. ఇప్పుడు సంగటి మింగేదానికి కూడా అయ్యేల్లే."

కోతలై ఎన్నాళ్ళో అయింది. వదినకు ఎడమ బుగ్గలో ఎప్పుడూ తమలపాకూ పొగాకూ ఉండేవి. నిద్రపోయేటప్పుడు కూడా ఒక్కోసారి ఉమ్మేయడం మరిచిపోయేది. ఆ బుగ్గలో పుండు మానలేదంటే దాని అర్థం ఏమిటో మా వార్డులో పనిచేసే ఎవరికైనా తెలుసు.

"రేపే తీసుకురా అన్నా" అన్నాను.

మా అమ్మ పోయేనాటికి నేను చాలా చిన్నదాన్ని. ఆ మరుసటేడే వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. తనకూ అప్పటికి పెద్ద వయసేమీ లేదు. వచ్చిన మొదటి వారమే నా తలలో పేలు చూసి, నన్ను ముందర కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదని మా అన్న చెప్పేవాడు. ఆమెకు పిల్లలు కలగలేదు. నేనే ఆమెకు ఆడబిడ్డనూ, బిడ్డనూ. మిషన్ బడిలో చదువు ముగిశాక నర్సు పనికి పంపుతారా అని అక్కడి టీచరమ్మ అడిగితే అన్న తల గోక్కున్నాడు. వదినే, "పోనీప్పా. పెండ్లి యాడికీ పోదు, అది యాడుండేది ఆడే ఉంటుంది. బిడ్డ పోయి నాలుగు నేర్చుకుని రానీ" అని గట్టిగా నిలబడి నన్ను పంపింది.

మా తాతలు చిత్తూరు వైపు నుంచి కూలి పని కోసం గుడియాత్తం వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వదిన మాత్రం ఒకే మాటలో రెండూ కలిపేసేది. అన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వదిన ఇంటి గడప దగ్గర కూర్చుని పెట్టెల్లో పుల్లలు నింపేది. చేతులు ఒక పక్క, నోరు ఒక పక్క. దారిన పోయే ప్రతి మనిషితోనూ ఏదో ఒకటి మాట్లాడాల్సిందే. కౌండిన్య ఏట్లో నీళ్ళు వచ్చాయా, ఎవరి మేక ఈనింది, ఎవరింట్లో ఎందుకు ఏడుపు వినిపించింది, అన్నీ ఆ గడప దగ్గరే తేలేవి.

మరునాడు కాట్పాడిలో రైలు దిగి, జట్కాలో వచ్చారు ఇద్దరూ. సర్జన్ డాక్టరుగారు వదిన నోరు తెరిపించి, వేలు పెట్టి తడిమి చూశారు. బుగ్గలో పుట్టిన గడ్డ కింది దవడ ఎముకను పట్టుకుంది. మెడలో గ్రంథులకు ఇంకా పాకలేదు. దవడలో ఆ భాగాన్ని కోసి తీసేయాలి, ఆలస్యం చేస్తే తీయడానికి కూడా వీలుండదు అన్నారు. నోరు అప్పటికే సగమే తెరుచుకుంటోంది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

రెండో యుద్ధం ఇంకా రాని రోజులవి. ముఖానికి బట్ట చుట్టిన జాలీ పెట్టి, దాని మీద ఈథరు చుక్కలు చుక్కలుగా పోసి మత్తు ఇవ్వడమే మామూలు. కడుపు కోసినా, కాలు కోసినా దాంతో గడిచిపోయేది. నోట్లో ఆపరేషన్ అయితే మాత్రం చిక్కు. సర్జన్‌కు కావలసిందీ నోరే, మత్తు ఇచ్చేవాళ్ళకు కావలసిందీ నోరే. పైగా మత్తులో ఉన్న మనిషికి దగ్గు ఉండదు. నోట్లో కారిన రక్తం నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. అలా ఆపరేషన్ బాగానే జరిగి, నాలుగైదు రోజులకు రొమ్ము నిండి చనిపోయినవాళ్ళను నేను చూశాను.

ఆ రోజుల్లోనే మా ఆసుపత్రికి మత్తు డాక్టరమ్మ ఒకామె వచ్చింది. పై దేశంలో చదువుకుని, వస్తూ వస్తూ పెట్టెలో రబ్బరు గొట్టాలు తెచ్చింది. రోగి నిద్రపోయాక ఆ గొట్టాన్ని నోట్లోంచి గాలిగొంతులోకి దించేది. మత్తూ ప్రాణవాయువూ రెండూ దాంట్లోంచే పోతాయి. గొట్టం కొసకు కొంచెం పైన పలచటి రబ్బరు తొడుగు ఉంటుంది. కఫ్ అనేవాళ్ళం. దానికి సన్నటి గొట్టం ఒకటి అతికి బయటికి వస్తుంది. సిరంజితో గాలి ఎక్కిస్తే లోపల కఫ్ ఉబ్బి గాలిగొంతు గోడలకు ఆనుకుంటుంది. ఇక పక్కల నుంచి గాలి పైకి రాదు, రక్తం కిందికి పోదు. లోపలి కఫ్ మనకు కనపడదు గనక, ఆ సన్న గొట్టానికి బయట ఉసిరికాయంత రబ్బరు బుడ్డ ఒకటి ఉండేది. లోపల కఫ్ ఎంత బిగిసిందో బయట బుడ్డ అంత బిగుస్తుంది.

ఆ బుడ్డను పట్టుకుని కూర్చోవడం నా పని.

అది మొదట్లో తేలిక పని అనుకున్నాను. డాక్టరమ్మ నాకు నేర్పిన రోజు, కొత్తగా నేర్చుకున్న తమిళంలో ఇలా చెప్పింది. "మెత్తగా ఉంటే రక్తం కిందికి దిగుతుంది. గట్టిగా ఉంటే లోపలి చర్మానికి నెత్తురు అందదు, అది చచ్చిపోతుంది. మొదటిది ఇప్పుడే తెలుస్తుంది. రెండోది తరవాత ఎప్పుడో తెలుస్తుంది."

"మరి ఎంత ఉండాలమ్మా?" అని అడిగాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని నా ముక్కు కొసను నా వేలితోనే నొక్కించింది. "సుమారుగా ఇంత."

అదే మా కొలత. ఆ ఒత్తిడిని కొలిచే సాధనం మా దగ్గర లేదు. రోగి నోటి దగ్గర చెవి పెట్టి, ఊపిరి వెళ్ళినప్పుడల్లా వచ్చే బుస్సుమనే చప్పుడు ఆగేదాకా మాత్రమే గాలి ఎక్కించి, అక్కడ నిలపాలి. ఆ తరవాత చూపుడువేలూ బొటనవేలూ బుడ్డ మీద పెట్టి, ఆపరేషన్ అయ్యేదాకా దాని గురించే ఆలోచిస్తూ ఉండాలి. వేళ్ళు తిమ్మిరెక్కితే చెయ్యి మార్చుకోవాలి. మరీ ఎక్కువసేపయితే ఏ వేలినీ నమ్మలేం.

ఇంకో బాధ వేలూరు ఎండ. రబ్బరు ఆ వేడికి జిగురెక్కేది. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, నీడలో పెట్టినా నెలలు తిరిగేసరికి అక్కడక్కడా పలచబడేది. డాక్టరమ్మ తెచ్చినవాటిలో వదినకు సరిపోయే సైజువి రెండు. ఒకటి అప్పటికే చిరిగిపోయింది. కొత్తవాటికి రాశారు గానీ, అవి ఓడ మీద రావాలి.

డాక్టరమ్మ ఉన్న ఆ ఒక్క గొట్టాన్నీ గాలికి ఉబ్బించి, వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. కొత్తవి వచ్చేదాకా ఆగుదామా అని సర్జన్‌ను అడిగింది. ఆగితే గడ్డ ఆగుతుందా అన్నారాయన. ఇద్దరి మాటా నిజమే. నేను ట్రే పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాను.

బయటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది. "మీ ఇంటి మనిషి కదా. బుడ్డ దగ్గర నువ్వే ఉండగలవా?"

ఆ పని నేర్చుకున్న ఇంకో నర్సు కాన్పుకు నెమిలి అనే ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. కొత్తవాళ్ళెవరికీ వేళ్ళకు అలవాటు లేదు. ఉంటానని చెప్పాను. భయం లేక కాదు. ఇంకొకరి వేళ్ళ మీద నమ్మకం లేక.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డులో వదిన మంచం మీద కూర్చుని పక్క మంచం ఆవిడతో మాట్లాడుతోంది. బుగ్గ వాచి మాట ముద్దగా వస్తున్నా ఆపలేదు. ఆవిడది విరించిపురం అనీ, అల్లుడు సరిలేడనీ అప్పటికే తెలుసుకుంది. నన్ను చూసి మంచం మీద చోటు చూపించింది.

"నొప్పి తెలిసేదుంటుందా?"

"తెలియదు వదినా. నిద్రపోతావు."

"దవడ తీస్తే మొహం ఎట్ల ఉంటాది?"

"ఒక పక్క కొంచెం లోపలికి పోతుంది."

"పోతే పోనీలే. మీ అన్న నన్ను ఇప్పుడు కొత్తగా చూసేదేముంది." నవ్వబోయి నొప్పికి ఆగింది. తరవాత గొంతు తగ్గించి, "నువ్వు యాడ నిలబడుకుంటావు?" అంది.

"నీ తల పక్కనే. ఆపరేషన్ మొత్తం నీ పక్కనే ఉంటాను."

"సరి. అట్లయితే నాకేం భయం లే. సుమ్మా నిమ్మళంగా పడుకుంటాను."

అన్న వరండాలో ఉన్నాడు. నేను వెళ్తుంటే లేచి నిలబడి, "లోపల నువ్వుండావు కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటా నా వీపు మీద బరువుగా కూర్చుంది. నేను లోపల ఉన్నంత మాత్రాన నా చేతిలో ఏముందో అతనికి తెలియదు. చెప్పి భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

పొద్దున గిన్నెలో నీళ్ళు పోసి, కఫ్ ఉబ్బించి ముంచి చూశాం. ఒక్క బుడగ రాలేదు. డాక్టరమ్మ మళ్ళీ ఒకసారి ముంచింది. రాలేదు. వదిన నడిచే వచ్చింది లోపలికి. బల్ల మీద పడుకుని పైన దీపం చూసి, "అబ్బ, రొంబ వెలుతురు" అంది. నేను ఆమె చెవి పక్కన చెయ్యి పెట్టాను. ఈథరు వాసనకు తల పక్కకు తిప్పుకుంది, దగ్గింది, నా చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుంది. తరవాత వేళ్ళు వదులయ్యాయి.

గొట్టం దిగడమే కష్టమైంది, నోరు తెరుచుకోదు గనక. డాక్టరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. చివరికి దిగింది. నేను ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, గాలి కొద్దికొద్దిగా ఎక్కించాను. బుస్సుమనే చప్పుడు సన్నబడింది, ఆగింది. బుడ్డను నొక్కి చూశాను. ముక్కు కొస. డాక్టరమ్మ కూడా నొక్కి చూసి తల ఊపింది. గొంతు పైభాగంలో తడి గాజుగుడ్డ కూడా కుక్కారు, అదొక కాపలా.

సర్జన్ మొదలుపెట్టారు. నేను వదిన మొహం చూడలేదు. బట్టలు కప్పిన తరవాత అది మొహంలా ఉండదు కూడా. బుడ్డనే చూశాను. చాలాసేపు బాగానే నడిచింది. ఎముక కోసే రంపం చప్పుడు వచ్చినప్పుడు మాత్రం పళ్ళు బిగించుకున్నాను.

ఎముక వచ్చేసిన తరవాత, లోతుగా ఉన్న రక్తనాళం ఒకటి జారి రక్తం పొంగింది. సరిగ్గా అప్పుడే నా వేళ్ళ కింద బుడ్డ మెత్తబడింది.

మొదట నా వేళ్ళనే అనుమానించాను. చెయ్యి మార్చాను. మెత్తగానే ఉంది.

"అమ్మా, తగ్గుతోంది" అన్నాను.

"ఎక్కించు."

ఎక్కించాను. బిగిసింది. కొంతసేపటికే మళ్ళీ జారింది. ఊపిరి పంపడానికి డాక్టరమ్మ రబ్బరు సంచి నొక్కినప్పుడల్లా నోట్లోంచి గరగరమని రక్తంలో బుడగలు వచ్చే చప్పుడు. డాక్టరమ్మ వంగి విన్నది. గాజుగుడ్డ పూర్తిగా తడిసిపోయి ఉంది.

"ఆపగలరా ఒక్క నిమిషం? గొట్టం మారుస్తాను" అని సర్జన్‌ను అడిగింది. కఫ్ లేని మామూలు గొట్టాలు ఉన్నాయి, చుట్టూ కొత్త గాజుగుడ్డ కుక్కి సరిపెట్టుకోవాలని ఆమె ఆలోచన.

"ఇప్పుడు నేను వేలు తీస్తే ఈమె ఇక్కడే పోతుంది" అన్నారాయన. తల కూడా ఎత్తలేదు. ఆయన వేలు ఆ నాళం మీద ఉంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఎక్కిస్తూ ఉండు. మెత్తబడనివ్వకు."

నేను ఎక్కించాను. జారేది. మళ్ళీ ఎక్కించాను. లోపల ఎంత గాలి ఉందో, ఎంత బయటికి పోయిందో తెలుసుకునే దారి లేదు. పోసిందంతా పోతోందా, కొంత నిలుస్తోందా? ఒకసారి బుడ్డ ఉన్నట్టుండి రాయిలా అయింది. 

"చాలా గట్టిగా ఉందమ్మా. కొంచెం తీయనా?"

ఆమె వేలు పెట్టి చూసింది. నోటి దగ్గర చెవి పెట్టింది. బుడగల చప్పుడు ఆగింది. కొంచెం తీయించింది. వెంటనే గరగర మొదలైంది. మళ్ళీ ఎక్కించమంది. ఆగింది. అంటే రాయిలా ఉంటేనే రక్తం ఆగుతుంది, ముక్కు కొసలా ఉంటే ఆగదు.

"వదిలెయ్, అలాగే ఉండనీ" అంది చివరికి, చాలా మెల్లగా. "ఇప్పుడు బతకాలి కదా."

నాళం కట్టి, కుట్లు వేసి ముగించేదాకా ఆ రాయిలాంటి బుడ్డను పట్టుకునే ఉన్నాను. మధ్యమధ్య అది కాస్త సడలితే, ఆ సడలిన కొద్ది క్షణాలూ వదిన గొంతుకు విశ్రాంతి దొరుకుతుందని అనుకునేదాన్ని. అంతలోనే చప్పుడు మొదలయ్యేది, సిరంజి నొక్కేదాన్ని. ఏ చేత్తో ఆమెను కాపాడుతున్నానో ఆ చేత్తోనే లోపల ఏదో నలుపుతున్నానని తెలుస్తూనే ఉంది. చెయ్యి తీసేయడానికీ లేదు, ఉంచడానికీ మనసొప్పదు. మనిషి నా పక్కనే, నా మోచేతికి ఆమె తల తగులుతోంది. అయినా ఆమెకు నేను చేయగలిగింది ఆ బుడ్డ నొక్కడం తప్ప ఏమీ లేదు.

నోరంతా తుడిచి, పీల్చి శుభ్రం చేశాక గొట్టం బయటికి తీశారు. డాక్టరమ్మ దాన్ని నీళ్ళ గిన్నెలో ముంచి గాలి ఎక్కించింది. కఫ్ గుండ్రంగా ఉబ్బలేదు. ఒక పక్కకు మాత్రం కోడిగుడ్డులా పొడుచుకొచ్చింది. రెండో పక్క అతుకు దగ్గర సన్నగా బుడగలు వస్తున్నాయి. పొద్దున ఇదే గిన్నెలో ఒక్క బుడగ రాలేదు. ఆమె దాన్ని అలాగే చూస్తూ నిలబడింది. గొట్టాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

వదిన కళ్ళు తెరిచింది. రొమ్ములోకి రక్తం దిగలేదు. జ్వరం రెండు రోజులు వచ్చి పోయింది. ముక్కు ఉన్న గిన్నెతో పాలూ గంజీ కొద్దికొద్దిగా నేనే పోసేదాన్ని. తలంతా కట్లు. మొదటిసారి మాట్లాడినప్పుడు గొంతు బొంగురుగా, గుసగుసలా వచ్చింది.

"అయిపాయనా?"

"అయిపోయింది వదినా."

"నేను ఏమన్నా వాగినానా మత్తులో?"

"లేదు."

"అదే ఆశ్చర్యం" అంది.

బొంగురు తగ్గుతుందిలే అన్నారు అందరూ. గొట్టం పెట్టినవాళ్ళకు కొన్నాళ్ళు అలా ఉండడం మామూలే. అన్న సంతోషానికి అంతు లేదు. ఇంటికి పంపే రోజున సర్జన్‌గారి కాళ్ళు పట్టుకోబోయాడు. డాక్టరమ్మకు నమస్కారం పెట్టాడు. ఆమె నవ్వలేదు. "ఊపిరి ఆడడంలో ఏదైనా తేడా వస్తే వెంటనే తీసుకురండి" అని రెండుసార్లు చెప్పింది. అన్న సరేనన్నాడు గానీ ఆ మాట అతని చెవికి ఎక్కలేదు.

కొన్ని వారాలకు సెలవు పెట్టి గుడియాత్తం వెళ్ళాను. వీధి మలుపులోనే అన్న ఎదురొచ్చాడు. "బాగుండాది. తింటా ఉండాది. మెట్లెక్కితే మాత్రం కొంచెం ఎగశ్వాస" అన్నాడు. ఇంట్లోకి అడుగుపెట్టగానే విన్నాను. వదిన పొయ్యి ముందు వంగి ఊదుతోంది. ఆమె గాలి లోపలికి పీల్చుకున్నప్పుడల్లా ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. నన్ను చూసి లేచి, రెండు మాటలు అని, మూడో మాటకు ఆగి ఊపిరి తీసుకుంది.

"ఈ చప్పుడు ఎప్పటినుంచి?"

"ఏం చప్పుడు?" అంది. ఆమెకు అలవాటైపోయింది.

ఆ రోజే బయల్దేరదామన్నాను. నింపిన అగ్గిపెట్టెలు ఫ్యాక్టరీకి చేర్చి వస్తానని ఆమె, పొద్దున పోదామని అన్న. కూర్చోకుండా గోల పెట్టి మధ్యాహ్నం బండికే ఎక్కించాను. రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంది. గాలి అంత ధారాళంగా మొహానికి కొడుతున్నా ఆమెకు చాలడం లేదు. మెడ గుంటలు ఊపిరికి లోపలికి పీల్చుకుపోతున్నాయి. ఎదురుగా కూర్చున్న ముసలాయన, "ఆస్తమానా అమ్మా?" అని అడిగాడు. వదిన నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. నేను ఔనన్నాను. ఇంకేం చెప్పను?

ఆసుపత్రిలో దీపం ఉన్న గొట్టంతో లోపల చూశారు. గాలిగొంతు లోపల, కఫ్ ఆనిన చోట, ఒక పక్క గోడ పుండై మాని, మానేటప్పుడు ముడుచుకుపోయింది. ఊపిరి పోయే దారి గడ్డిపరకంత మిగిలింది. ఇక ఒకటే మార్గం, మెడ ముందు కోసి, ఆ ఇరుకును దాటేలా పొడుగాటి వెండి గొట్టం పెట్టడం.

దానికి మత్తు ఇవ్వలేమన్నారు. ఆ ఊపిరితో పడుకోబెడితే చాలు, ఆగిపోతుంది. మెడ దగ్గర తిమ్మిరి సూది మాత్రం వేసి, మెలకువగా ఉండగానే చేయాలి. ఆమెను సగం కూర్చున్నట్టు ఉంచారు. నేను వెనక నుంచి ఆమె తల రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. నా చేతిలో సిరంజి లేదు, బుడ్డ లేదు. వదిన కళ్ళు పైకెత్తి నన్నే చూసింది. మాట్లాడకూడదని చెప్పినా పెదాలు కదిలాయి. "ఉండావు కదా" అన్నట్టు అనిపించింది. ఉన్నానని తల ఊపాను. ఆ తరవాత ఆమె కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవడానికి నా చేతులు ఖాళీగా లేవు.

వెండి గొట్టంలోంచి మొదటి ఊపిరి పెద్దగా, దగ్గుతో వచ్చింది. ఈల చప్పుడు పోయింది. ఆమె మొహం మీద నీలం తగ్గింది. మాట కూడా అక్కడితో పోయింది. గాలి ఇక పైకి గొంతు దాకా వెళ్ళదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మను అడిగాను. "ఆ రోజు కఫ్ వల్లేనా అమ్మా?"

"అయ్యుండొచ్చు. తరవాత వచ్చిన జ్వరం వల్ల కావచ్చు. రెండూ కలిసి కావచ్చు. అందరికీ ఇలా కాదు" అంది. మళ్ళీ తనే, "గాలి తీసేసి ఉంటే ఆ రోజే పోయేది. ఇది నీకు ధైర్యం చెప్పడానికి అనడం లేదు. నేను రోజూ ఇదే అనుకుంటున్నాను" అంది.

అన్నకు నేనే చెప్పాను. కఫ్ అంటే ఏమిటో, బుడ్డ ఎలా మెత్తబడిందో, ఎందుకు గట్టిగా ఉంచాల్సి వచ్చిందో. వరండాలో అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. వచ్చినా బాగుండేది.

"ఇంకో గొట్టం ఉండి ఉంటే?" అన్నాడు.

"కఫ్ ఉన్నది ఇంకోటి ఉండి ఉంటే మార్చేవాళ్ళమేమో. అప్పుడు మార్చడానికి కూడా వీలు లేదన్నా. రక్తం కారుతోంది."

"అట్లయితే ఏం చేసేదానికి ఉండాది" అన్నాడు. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

వెండి గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం ఉండేది. దాన్ని తీసి, కఫం కడిగి, ఉడికించి మళ్ళీ పెట్టాలి. పగలూ రాత్రీ చేయాల్సిన పని. ఆసుపత్రి లోపలికి అడుగుపెట్టడానికి భయపడిన మా అన్న ఆ పని నేర్చుకున్నాడు. మొదటిసారి గొట్టం చేతిలోంచి జారి కింద పడింది. వదిన దగ్గుతూనే అతని భుజం తట్టింది. తరవాత నాకన్నా శుభ్రంగా చేసేవాడు.

ఆమెకు చదువు రాదు. రాసి చూపించడం అనే దారి లేదు. పెదాలు కదిలించేది, అన్న ఊహించేవాడు. తప్పు చెప్తే చెయ్యి విదిలించేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు నాతో ఏదో చెప్పాలని చాలాసేపు ప్రయత్నించింది. పెదాలు చూశాను, చేతులు చూశాను. నా జుట్టు గురించా, పెళ్ళి గురించా, ఊళ్ళో ఎవరి గురించో? ఒక్కొక్కటే అడిగాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. చివరికి విసిగి, పోనీలే అన్నట్టు నవ్వి, పొయ్యి వైపు తిరిగింది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అన్ననడిగితే అతనికీ తెలియలేదు.

పుల్లలు నింపడం మాత్రం మానలేదు. వీధిలోవాళ్ళు మొదట్లో ఆగి నాలుగు మాటలు చెప్పేవాళ్ళు. జవాబు లేని మనిషితో ఎంతసేపని మాట్లాడతారు? మెల్లమెల్లగా ఊరికే తల ఊపి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పు పట్టలేను. నేనే వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలో తోచక ఆమె పక్కన కూర్చుని పుల్లలు నింపేదాన్ని.

గడ్డ తిరిగి రాలేదు. రెండేళ్ళు దాటాక ఒక వానాకాలంలో జలుబు రొమ్ముకు దిగింది. కఫం గట్టిపడి గొట్టానికి అడ్డుపడింది. అన్న తీసి కడిగి పెట్టాడు, మళ్ళీ అడ్డుపడింది, మళ్ళీ తీశాడు. నాకు కబురు అంది నేను చేరేసరికి ముగిసిపోయింది. అన్న చేతిలో లోపలి గొట్టం అలాగే ఉంది, కడిగి శుభ్రంగా. "పెడదామని వస్తినమ్మా. అంతలోపల..." అన్నాడు.

తరవాత కూడా నేను ఆ పనిలోనే చాలా ఏళ్ళు ఉన్నాను. కొత్త గొట్టాలు వచ్చాయి. వాటి రబ్బరు కొంచెం మేలు. డాక్టరమ్మ ప్రతి గొట్టాన్నీ ఉబ్బించి అన్ని వైపులా సమంగా ఉందో లేదో చూసేదాకా బల్ల మీదికి రానిచ్చేది కాదు. రెండో గొట్టం చేతికందేలా లేకపోతే నోటి ఆపరేషన్‌కు మత్తు ఇవ్వనని సర్జన్‌తో తేల్చి చెప్పింది. వదిన తరవాత ఎంతోమందికి బుడ్డ పట్టుకున్నాను. చాలామంది బాగా ఇంటికి వెళ్ళారు, మాట్లాడుకుంటూ వెళ్ళారు. వాళ్ళు వార్డులోంచి వెళ్ళే రోజున ఏదో ఒక వంక పెట్టుకుని దగ్గరికి వెళ్ళి పలకరించేదాన్ని. ఊపిరి తీసుకునే చప్పుడు వినడానికి. ఆ వేళ ఈల ఏమీ వినపడకపోయినా, ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో నాకు తెలిసే మార్గం లేదు.